కంపైలర్ టెస్టులు కుప్పగా ఫెయిలైతే: ఎక్కడ పట్టుకోవాలి, ఎలా విప్పాలి

కంపైలర్ సోర్సు కోడ్ దించుకున్నారు. గంటన్నర పాటు బిల్డ్ అయింది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తిపోయింది. తీరా టెస్టులు నడిపితే 43 ఫెయిల్. మీరింకా ఒక్క లైను కూడా మార్చలేదు. లేదా మార్చింది మూడే లైన్లు, ఫెయిలైన టెస్టులకీ ఆ మూడు లైన్లకీ ఏ సంబంధమూ కనిపించట్లేదు.

ఇక్కడ చాలామంది జాబితాలో మొదటి టెస్టు తెరిచి, నేరుగా కోడ్‌లోకి దూకేస్తారు. నేనూ అదే చేసేవాణ్ణి. సగం రోజు పోయాక తెలిసేది, కంపైలర్‌కి ఏమీ కాలేదు, గొడవంతా నా మెషీన్‌లోనే ఉందని. టెస్టు ఫెయిలైందంటే కారణం నాలుగు చోట్లలో ఏదో ఒకచోట ఉంటుంది: మీ మెషీన్, మీ బిల్డ్, టెస్టు ఫైలు, కంపైలర్. వెతకడం కూడా ఇదే వరసలో వెతకండి. మొదటి రెండూ తేల్చుకోవడానికి నిమిషాలు చాలు. చివరిదానికి రోజులు పట్టొచ్చు.

ఉదాహరణలు ఎక్కువగా ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు నుంచి తీసుకుంటున్నాను, అక్కడక్కడ జీసీసీ, రస్ట్, గో కంపైలర్ల నుంచి. ప్రాజెక్టు మారితే టూల్స్ పేర్లు మారతాయి, పద్ధతి పెద్దగా మారదు.

1. లాగ్ దాచుకోండి, ఫలితాల్లో ఉన్న మాటలు చదవండి

టెస్టుల అవుట్‌పుట్ మొత్తాన్ని ఒక ఫైల్లోకి మళ్లించండి. టెర్మినల్‌లో పైకి స్క్రోల్ చేసి చూసుకుందాంలే అనుకోవద్దు. రెండోసారి నడిపితే ఇవే 43 ఫెయిలవుతాయన్న గ్యారంటీ లేదు, ఒక్కోసారి ఆ తేడానే అసలు క్లూ. జీసీసీలో ఈ దాచే పని, టెస్టులు నడిపే డెజాగ్నూ అనే టూల్ చేసిపెడుతుంది: డాట్ సమ్ ఫైల్లో ఒక్కో ఫలితానికి ఒక్కో లైను, డాట్ లాగ్ ఫైల్లో పూర్తి వివరం. ఎల్‌ఎల్‌వీఎంలో లిట్ అనే రన్నర్ అంతా టెర్మినల్ మీదే చెప్పేస్తుంది కాబట్టి దాచుకోవాల్సింది మీరే.

ఇప్పుడు లాగ్ చివర ఉన్న లెక్క చూడండి. అక్కడ ఫెయిల్ ఒక్కటే ఉండదు. ఎక్స్‌ఫెయిల్ అంటే ఫెయిలవుతుందని ముందే తెలిసి ప్రాజెక్టువాళ్లే గుర్తు పెట్టుకున్నది, దాని జోలికి వెళ్లకండి. ఎక్స్‌పాస్ అంటే ఫెయిలవ్వాల్సినది పాసైంది. వినడానికి శుభవార్తలా ఉంటుంది గానీ లిట్ దీన్ని కూడా ఫెయిల్ లెక్కలోనే వేస్తుంది. బగ్ సరిచేసినవాళ్లు గుర్తు తీయడం మర్చిపోయారా, లేక ఆ టెస్టు పరీక్షించాల్సిన విషయాన్ని అసలు పరీక్షించట్లేదా అన్నది చూడాలి. అన్‌రిజాల్వ్డ్ అంటే ఫలితమే తేలలేదు. ఉదాహరణకి జీసీసీలో ప్రోగ్రాం కంపైలే కాకపోతే, దాన్ని నడిపి చూడాల్సిన భాగం ఇలా మిగిలిపోతుంది. అంటే ఒకే తప్పు లాగ్‌లో రెండు లైన్లుగా కనబడుతుంది, రెండు తప్పులనుకుని కంగారు పడకండి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది అన్‌సపోర్టెడ్ దగ్గర. మీ బిల్డ్‌లో కుదరదని అసలు నడపకుండా వదిలేసిన టెస్టులివి. కొన్ని ఉండటం మామూలే. కానీ నిన్నటికంటే ఇవాళ వేలల్లో పెరిగాయంటే, బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్‌కి ఆప్షన్లు ఇచ్చినప్పుడు ఏదో టార్గెట్ (కంపైలర్ ఏ ప్రాసెసర్ కోసం కోడ్ తయారుచేయాలో అది) వదిలేశారని అర్థం. అన్నీ పాస్ అని సంబరపడి ప్యాచ్ పంపిస్తారు, ఆ టార్గెట్ కోసం రాసిన టెస్టులేమో మీ దగ్గర ఒక్కటీ నడిచి ఉండవు.

2. మీరు చెడగొట్టారా, ముందే చెడి ఉందా

ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా మూడో మెట్టుకి వెళ్లకండి.

మీ మార్పులేవీ లేని కోడ్‌ని, మీ బ్రాంచ్ ఎక్కడ చీలిందో సరిగ్గా ఆ కమిట్ దగ్గర, వేరే ఫోల్డర్లో బిల్డ్ చేసి అవే టెస్టులు నడపండి. ఆ కమిట్ ఏదో గిట్ మెర్జ్-బేస్ చెబుతుంది. వేరే ఫోల్డర్ కోసం రిపాజిటరీ మొత్తం మళ్లీ దించక్కర్లేదు, గిట్ వర్క్‌ట్రీ ఉంది. చాలామంది ఇక్కడ స్టాష్ చేసి, అదే బిల్డ్ ఫోల్డర్లో వెనక్కీ ముందుకీ తిరుగుతారు. మారిన ప్రతి హెడర్‌కీ సగం ప్రాజెక్టు మళ్లీ కంపైలవుతుంది, పైగా ఇప్పుడు నడిచిన బైనరీ ఏ కోడ్‌దో కాసేపటికి మీకే గుర్తుండదు.

మెయిన్ బ్రాంచ్ తాజా కోడ్‌తో పోల్చడం కూడా తప్పే. ఎల్‌ఎల్‌వీఎం లాంటి ప్రాజెక్టులో రోజుకి చాలా కమిట్లు వస్తుంటాయి. తాజా కోడ్‌లో ఇంకెవరో చెడగొట్టింది కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.

రెండు ఫలితాలనీ పోల్చి, మీ వైపు మాత్రమే ఉన్న ఫెయిల్స్ ఏవో తీయండి. జీసీసీలో ఈ పోలిక మామూలు ఆనవాయితీ. ఆ టెస్టుల్లో సున్నా ఫెయిల్స్ రావడమే అరుదు కాబట్టి, ప్యాచ్‌కి ముందూ తర్వాతా నడిపి తేడా చూడమంటారు. కాంట్రిబ్ ఫోల్డర్లో కంపేర్ టెస్ట్స్ అనే స్క్రిప్టు అందుకే ఉంది. మిగతా చోట్ల ఫెయిలైన పేర్లని రెండు ఫైళ్లలోకి తీసి, సార్ట్ చేసి, డిఫ్ కొడితే సరిపోతుంది.

మార్పుల్లేని కోడ్‌లోనూ అవే 43 ఫెయిలయ్యాయా? అయితే టెన్షన్ తగ్గించుకోండి, మీ మూడు లైన్లు నిర్దోషులు. ఇక మిగిలింది, అందరికీ ఇలాగే ఉందా, మీ ఒక్కరికేనా అన్నది. ప్రాజెక్టు బిల్డ్‌బాట్ల (కొత్త కమిట్లని తమంతట తామే బిల్డ్ చేసి టెస్టు చేసే మెషీన్ల) పేజీ తెరిచి, ఆ కమిట్ దగ్గర మీలాంటి ప్లాట్‌ఫాం మీద నడిచే బాట్ ఎర్రగా ఉందో ఆకుపచ్చగా ఉందో చూడండి. ఎర్రగా ఉంటే ఎవరో ఇప్పటికే ఆ పనిలో ఉండొచ్చు, ఓ గంట ఆగి మళ్లీ కోడ్ లాగండి. ఆకుపచ్చగా ఉంటే గొడవ మీ మెషీన్‌దే.

3. కుప్పని విడదీయండి

43 ఫెయిల్స్ అంటే 43 బగ్గులు కావు. నా అనుభవంలో రెండో మూడో కారణాలుంటాయి, మిగతావన్నీ వాటి పిల్లలే. లాగ్‌లోంచి ప్రతి ఫెయిల్‌కీ ఎర్రర్ లైను ఒక్కటే తీసి, ఒకేలా ఉన్నవాటిని ఒకచోట చేర్చండి. అంతా ఒకే ఫోల్డర్లోవా? అంతా ఒకే టూల్‌ని పిలిచేవా? అంతా ఒకే టార్గెట్‌వా?

ఎగ్జిట్ కోడ్ చూస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. 127 అంటే ఆ కమాండే దొరకలేదు: టూల్ బిల్డ్ కాలేదు, లేదా పాత్‌లో లేదు. 134 అంటే ప్రోగ్రాం తనంతట తానే అబార్ట్ అయింది. కంపైలర్లలో అయితే ఎక్కువసార్లు అసర్షన్, అంటే ‘ఇక్కడ ఇది నిజమై తీరాలి’ అని కోడ్‌లోనే రాసుకున్న తనిఖీ, ఫెయిలై ఉంటుంది. 139 అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, తాకకూడని మెమరీని ప్రోగ్రాం తాకింది. 137 అంటే ఎవరో బయటినుంచి చంపేశారు, ఆ ఎవరో దాదాపు ఎప్పుడూ మెమరీ చాలక రంగంలోకి దిగిన కెర్నెలే. లెక్క సులువు: 128కి ప్రోగ్రాంని ఆపిన సిగ్నల్ నంబరు కలిపితే వచ్చేవే ఈ చివరి మూడు కోడ్‌లు. పైథాన్‌తో రాసిన రన్నర్లు ఒక్కోసారి ఇదే విషయాన్ని మైనస్ 6, మైనస్ 11 అని చూపిస్తాయి. ఇక మామూలు 1 అంటే ఎక్కువసార్లు ప్రోగ్రాం క్రాష్ కాలేదు, జవాబే మనం అనుకున్నది కాదు.

127లూ 137లూ ముందు తేల్చేయండి. వాటికోసం కంపైలర్ కోడ్ తెరవాల్సిన పనే లేదు.

4. మెషీన్‌ని, బిల్డ్‌ని అనుమానించండి

పాత బైనరీతో మొదలుపెడదాం, అందరం పడే గొయ్యి ఇది. బిల్డ్ నడిపే నింజా ద్వారా చెక్-ఎల్‌ఎల్‌వీఎం అని అడిగితే, కావలసినవన్నీ బిల్డ్ చేసి ఆ తర్వాతే టెస్టులు నడుపుతుంది. అదే మీరు ఎల్‌ఎల్‌వీఎం-లిట్‌ని నేరుగా పిలిచారనుకోండి, అది ఏదీ బిల్డ్ చేయదు, ఉన్న బైనరీలతోనే నడిపేస్తుంది. కోడ్ మార్చి, ఆప్ట్‌ని (ఆప్టిమైజేషన్లు నడిపే ఎల్‌ఎల్‌వీఎం టూల్) మళ్లీ బిల్డ్ చేయకుండా టెస్టు నడిపి, “ఫిక్స్ పనిచేయట్లేదేంటబ్బా” అని గంటసేపు తల పట్టుకున్న రోజులు నాకు ఒకటి కాదు. గోలో దీనికి అన్నదమ్ముడి లాంటిది కాష్: ఫలితం పక్కన క్యాష్డ్ అని ఉందంటే టెస్టు అసలు నడవలేదు, పాత ఫలితమే చూపించారు. కౌంట్ ఆప్షన్‌కి 1 ఇస్తే తాజాగా నడుపుతుంది.

మెమరీ సంగతి. ఎల్‌ఎల్‌వీఎంని డీబగ్ మోడ్‌లో లింక్ చేయడానికి ఒక్కో లింకర్ గిగాబైట్ల కొద్దీ మెమరీ తింటుంది. ఒకేసారి ఎనిమిది లింకర్లు లేస్తే 137లు వస్తాయి. సీమేక్‌లో పారలల్ లింక్ జాబ్స్ ఆప్షన్‌ని 1 లేదా 2కి తగ్గించండి. నన్నడిగితే అసలు డీబగ్ బిల్డ్ ఎందుకు? రిలీజ్ బిల్డ్ చేసి, అసర్షన్లు మాత్రం ఆన్ చేసుకోండి. టెస్టులు ఎన్నోరెట్లు వేగంగా నడుస్తాయి, తప్పు జరిగిన చోటే అసర్షన్ పట్టుకుంటుంది. అసర్షన్లు లేకుండా టెస్టులు నడిపి అన్నీ పాస్ అన్నారంటే నేను నమ్మను.

కంటైనర్‌లో పనిచేసేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. అక్కడ మనం మామూలుగా రూట్ యూజర్‌గా ఉంటాం. ‘ఈ ఫైలు చదవడానికి అనుమతి లేదు’ అనే ఎర్రర్ రావాలని చూసే టెస్టులు కొన్నుంటాయి. రూట్‌కి అనుమతి లేని ఫైలంటూ ఉండదు, ఆ ఎర్రర్ రాదు, టెస్టు ఫెయిల్. మామూలు యూజర్‌గా మారి నడపండి.

లొకేల్ (మెషీన్‌లోని భాష, అక్షరాల సెట్టింగ్) వల్ల కూడా వింతలు జరుగుతాయి. సార్ట్ కమాండ్ వరస మారిపోతుంది. యూటీఎఫ్-8 లొకేల్‌లో జీసీసీ తన ఎర్రర్ మెసేజుల్లో వంపు కోట్స్ వాడుతుంది, టెస్టేమో నిటారు కోట్స్ కోసం వెతుకుతూ ఉంటుంది. చేత్తో నడిపేటప్పుడు ఎల్‌సీ ఆల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని సీ అని పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. విండోస్‌లో అయితే గిట్ మీకు తెలియకుండానే లైన్ల చివర్లు మార్చేసిందేమో చూడాలి. ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ సెట్టింగ్ ఒక్కటి తేడా ఉంటే, లైను చివరిదాకా బైట్ బైట్ పోల్చే టెస్టులన్నీ పడిపోతాయి.

ఇక ఎవరూ ఊహించనిది. ఓసారి నా మెషీన్‌లో ఒకే ఒక్క టెస్టు ఫెయిలయ్యేది, ఇంకెవరికీ అవ్వదు. ఆ టెస్టు అడిగేది చాలా చిన్న విషయం: ఆప్టిమైజ్ చేశాక అవుట్‌పుట్‌లో ‘కాల్’ అనే మాట ఎక్కడా ఉండకూడదు. ఐఆర్, అంటే కంపైలర్ లోపల వాడుకునే మధ్యంతర కోడ్, తీసి చూశాను. కాల్ ఇన్‌స్ట్రక్షన్ లేదు. ఫంక్షన్ మొత్తం నాలుగే లైన్లు, నాలుగుసార్లు చదివాను, లేదు. అయినా ఫెయిల్. చివరికి ఫైలు మొట్టమొదటి లైను మీద కన్నుపడింది. మాడ్యూల్ ఐడీ అని ఉండే కామెంటు అది, దాని పక్కనే టెస్టు ఫైలు ఉన్న చోటు పూర్తి పాత్. ఆ వారం నేను పనిచేస్తున్న ఫోల్డర్‌కి నేనే పెట్టుకున్న పేరు ‘టెయిల్‌కాల్’. టెస్టుకి కావలసిన, అంటే ఉండకూడని, మాట అందులో ఉంది. ఎల్‌ఎల్‌వీఎం టెస్టుల్లో ఫైలు పేరు నేరుగా ఇవ్వకుండా బాణం గుర్తుతో స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపడం మీరు చూసే ఉంటారు. అలా పంపితే మాడ్యూల్ ఐడీ దగ్గర పాత్ బదులు ఎస్‌టీడీఇన్ అని మాత్రమే పడుతుంది. అది అలవాటుగా రాసిందనుకునేవాణ్ణి, ఆ రోజు అర్థమైంది ఎందుకో. టెస్టు రన్ లైన్‌లో, అంటే నడపాల్సిన కమాండ్ ఉండే లైన్లో, ఆ ఒక్క గుర్తు చేర్చడమే ఫిక్స్ అయింది.

5. ఒకే టెస్టు, ఒకే కమాండ్

మెషీన్, బిల్డ్ రెండూ శుభ్రంగా ఉన్నాయని తేలాక, మిగిలిన గుంపుల్లో ఒక్కోదాన్నుంచి అన్నిటికన్నా చిన్న టెస్టు ఎంచుకోండి. దాన్నొక్కదాన్నే లిట్‌తో, మైనస్ వీ పెట్టి నడపండి. పాసైనా సరే పూర్తి వివరం కావాలంటే మైనస్ ఏ. లిట్ నడిపిన అసలు కమాండ్లు, పాత్‌లన్నీ విప్పి రాసినవి, అక్కడే కనబడతాయి. వాటిని కాపీ చేసి టెర్మినల్‌లో మీరే నడపండి. ఇకనుంచి రన్నర్‌తో పని లేదు.

ఆ కమాండ్ మామూలుగా రెండు ముక్కలు: ఎడమవైపు కంపైలర్ టూల్, పైపు గుర్తు, కుడివైపు ఆ అవుట్‌పుట్‌ని టెస్టు ఫైల్లోని చెక్ లైన్లతో పోల్చే ఫైల్‌చెక్. పైపు తీసేయండి. ఎడమవైపు ముక్క అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లో పెట్టి, ముందు మీ కళ్లతో చదవండి. నూటికి ఎనభైమంది ఈ పని చేయరు, ఫైల్‌చెక్ ఎర్రర్‌నే పట్టుకుని వేలాడతారు.

ఫైల్‌చెక్ ఎర్రర్ చదవడం ఒక కళ. ‘ఈ చెక్ లైను దొరకలేదు’ అంటుంది, ‘ఇక్కడినుంచి వెతుకుతున్నాను’ అని ఒక చోటు చూపిస్తుంది, ‘బహుశా మీరు కోరుకున్నది ఇదేమో’ అని ఇంకో చోటు చూపిస్తుంది. మూడోది వట్టి ఊహ, దాన్ని నమ్ముకోకండి. ముఖ్యమైనది రెండోది. ఫైల్‌చెక్ పైనుంచి కిందికే వెళ్తుంది, వెనక్కి రాదు. ముందున్న చెక్ లైను ఏదైనా తప్పుచోట కలిసిందనుకోండి, అంటే మొదటి ఫంక్షన్‌లో కలవాల్సింది మూడో ఫంక్షన్‌లో ఉన్న అలాంటి లైనుకే కలిస్తే, వెతుకులాట అప్పటికే మూడో ఫంక్షన్‌లోకి వెళ్లిపోయి ఉంటుంది. తర్వాతి చెక్ ఫెయిలవుతుంది, ఎర్రర్ దానిమీద పడుతుంది, తప్పు మాత్రం అంతకుముందు లైనుది. అందుకే ఎర్రర్ వచ్చిన లైనుకి ముందున్నవి ఎక్కడెక్కడ కలిశాయో చూడాలి. డంప్-ఇన్‌పుట్ ఆప్షన్ ఇస్తే అవుట్‌పుట్ మీదే ఆ గుర్తులన్నీ పెట్టి చూపిస్తుంది. ప్రతి ఫంక్షన్ మొదట్లో చెక్-లేబుల్ ఉంటే ఈ జారిపోవడం ఉండదు, ఫంక్షన్లని అది గోడ కట్టినట్టు విడదీస్తుంది.

ఇంకో సంగతి. చెక్ అన్న మాట తర్వాత కోలన్ మర్చిపోతే ఫైల్‌చెక్‌కి అది మామూలు కామెంటు. గొడవ చేయదు, పట్టించుకోదు. ఏళ్ల తరబడి పాసవుతున్న టెస్టులో సగం చెక్ లైన్లు ఇలా నిద్రపోతూ ఉండటం నేను చూశాను. మీరు ఆ కోలన్ పెట్టగానే టెస్టు ఫెయిలవుతుంది, ఆ పాపం మీది కాదు.

6. మారినది తప్పా, ఒప్పా

ఇప్పుడు మీ ముందు రెండు అవుట్‌పుట్లున్నాయి: టెస్టు కోరేది ఒకటి, కంపైలర్ ఇస్తున్నది ఇంకొకటి. ఏది సరైనది?

ఇక్కడ చేతికందేంత దూరంలో ఒక ప్రలోభం ఉంటుంది. రస్ట్‌లో బ్లెస్ అనే ఆప్షన్ ఇస్తే, కోరుకున్న ఫలితాల ఫైళ్లని ఇప్పుడొచ్చిన అవుట్‌పుట్‌తో తిరగరాసేస్తుంది. ఎల్‌ఎల్‌వీఎంలో అదే పనికి అప్‌డేట్ టెస్ట్ చెక్స్ అనే పైథాన్ స్క్రిప్టులున్నాయి. ఒక్క కమాండ్, అన్నీ పాస్. ఆ స్క్రిప్టులు మంచివే, చేత్తో చెక్ లైన్లు దిద్దమని నేను చెప్పను. కానీ నడిపాక గిట్ డిఫ్‌లో మారిన ప్రతి లైనూ చదవండి, ‘ఈ మార్పు సరైనదే’ అని మీరు వివరించగలగాలి.

ఎందుకంటున్నానో ఒక చిన్న ఉదాహరణ. ఒక సంఖ్యని 2తో గుణించడం బదులు ఎడమకి ఒక బిట్ జరపడం అందరికీ తెలిసిన ఆప్టిమైజేషన్. ఎల్‌ఎల్‌వీఎంలో ఇన్‌స్ట్‌కంబైన్ అనే పాస్ (ఒక ఆప్టిమైజేషన్ దశ) ఇది చేస్తుంది. గుణకారం మీద ఎన్‌ఎస్‌డబ్ల్యూ అనే గుర్తు ఉంటే, ‘సైన్డ్ లెక్కలో ఇది పొంగిపోదు’ అని హామీ. 2తో గుణించినప్పుడు ఆ గుర్తుని షిఫ్ట్ మీదకి కూడా మోసుకుపోవచ్చు, తేడా రాదు. ఇప్పుడు 8 బిట్ల సంఖ్యని మైనస్ 128తో గుణిస్తున్నామనుకోండి. దాన్ని 7 బిట్ల షిఫ్ట్‌గా మార్చొచ్చు, బిట్లు సరిగ్గానే వస్తాయి. కానీ గుర్తు సంగతేంటి? 1ని మైనస్ 128తో గుణిస్తే మైనస్ 128, 8 బిట్లలో పడుతుంది, హామీ నిలబడింది. అదే 1ని 7 బిట్లు జరపడమంటే సైన్డ్ లెక్కలో 128, అది 8 బిట్లలో పట్టదు. ఆ షిఫ్ట్ మీద ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఉంటే జవాబు పాయిజన్, అంటే ఆ తర్వాత కంపైలర్ దాన్ని ఏమైనా చేసుకోవచ్చు. అందుకే ఈ ఒక్క సందర్భంలో ఆ గుర్తు వదిలేయాలి.

మీ ప్యాచ్ వల్ల ఈ జాగ్రత్త పోయిందనుకోండి. డిఫ్‌లో కనబడేది ఒక లైనులో మూడక్షరాలు ఎక్కువ, అంతే. స్క్రిప్టు దాన్ని టెస్టులో రాసేస్తుంది, టెస్టు పాసవుతుంది, ఇకనుంచి ఆ టెస్టే తప్పుకి కాపలా కాస్తుంది. ఇలాంటి చోట కంటితో తేల్చలేకపోతే అలైవ్2 అనే టూల్‌కి ముందు ఐఆర్, తర్వాతి ఐఆర్ ఇవ్వండి. మార్పు తప్పయితే, ఏ విలువ దగ్గర తప్పుతుందో కూడా చూపిస్తుంది.

రిజిస్టర్ల పేర్లు, సంఖ్యలు, ఒకదానిమీద ఒకటి ఆధారపడని లైన్ల వరస మారితే మాత్రం మామూలుగా భయం లేదు. అలాంటి టెస్టు మరీ బిగించి రాసిందని అర్థం. పేర్ల బదులు ప్యాటర్న్ పెట్టండి.

7. ఎప్పటినుంచి చెడిందో పట్టుకోండి

తప్పు కంపైలర్‌దే అని తేలింది, మీది మాత్రం కాదు. అయితే ఏ కమిట్ నుంచి? గిట్ బైసెక్ట్ దీనికోసమే ఉంది, మంచి కమిట్‌కీ చెడ్డ కమిట్‌కీ మధ్య సగం సగం చేసుకుంటూ వెతుకుతుంది. అనుమానం ఉన్న కమిట్లు 1,000 అయినా పదిసార్లు బిల్డ్ చేస్తే తేలిపోతుంది. బైసెక్ట్ రన్‌కి ఒక స్క్రిప్టు ఇచ్చి మీరు నిద్రపోవచ్చు. కాకపోతే ఆ స్క్రిప్టులో మూడు మెలికలున్నాయి.

ఒకటి, స్క్రిప్టు 0 ఇస్తే మంచి కమిట్, 1 ఇస్తే చెడ్డది, 125 ఇస్తే ‘తేల్చలేను, దాటెయ్యి’. బిల్డే కాకపోతే 125 ఇవ్వాలి. ఇది మర్చిపోతే, మధ్యలో ఎవరో కాసేపు బిల్డ్ చెడగొట్టిన కమిట్‌ని పట్టుకుని ఇదే దొంగ అంటుంది.

రెండు, 127 దాటిన కోడ్ ఏదొచ్చినా బైసెక్ట్ అక్కడితో ఆగిపోతుంది. కంపైలర్ క్రాష్ అయితే 134, 139 లాంటివే కదా వచ్చేది. వాటిని అలాగే బయటికి పంపితే పొద్దున్నే లేచి చూసేసరికి పని రెండో అడుగులోనే ఆగి ఉంటుంది. స్క్రిప్టు చివర, టెస్టు ఇచ్చిన కోడ్ సున్నా కాకపోతే 1గా మార్చి పంపండి.

మూడు, టెస్టు ఫైలుని రిపాజిటరీ బయటికి కాపీ చేసి అక్కడినుంచే నడపండి. లేకపోతే వెనకటి కమిట్‌కి వెళ్లినప్పుడల్లా టెస్టు కూడా పాతదైపోతుంది, కొన్నిచోట్ల అసలు ఉండనే ఉండదు.

ప్రతిసారీ మొత్తం బిల్డ్ చేయకండి. ఆ టెస్టుకి ఆప్ట్, ఫైల్‌చెక్ చాలితే ఆ రెండే. ముందు కంపైల్ చేసినవి దాచి మళ్లీ వాడే సీక్యాష్ ఉంటే ఇంకా మేలు.

కమిట్ దొరికినా అది రెండు వేల లైన్లదైతే? ఎల్‌ఎల్‌వీఎంలో ఆప్ట్-బైసెక్ట్-లిమిట్ అని ఇంకో ఆప్షన్ ఉంది. ఇది కమిట్ల మీద కాదు, ఆప్టిమైజేషన్ పాస్‌ల మీద నడిచే బైసెక్ట్. ఎన్నో పాస్ దాకా నడిపితే జవాబు చెడుతోందో సంఖ్య మార్చుకుంటూ తేల్చుకోవచ్చు. ఆ తర్వాత ప్రింట్-ఛేంజ్డ్ పెడితే ప్రతి పాస్ ఐఆర్‌లో ఏం మార్చిందో అచ్చేస్తుంది. ఇన్‌పుట్ పెద్దదైతే ఎల్‌ఎల్‌వీఎం-రెడ్యూస్, సీ కోడ్ అయితే సీవైజ్. ఇవి ఫైలుని ముక్కలుగా కోసుకుంటూ, తప్పు ఇంకా వస్తోందో లేదో మీ స్క్రిప్టుని అడుగుతూ, పది లైన్లకి తెచ్చిపెడతాయి. ఆ స్క్రిప్టు మాత్రం ‘క్రాష్ అయిందా’ అని అడిగితే చాలదు, అదే అసర్షన్ మెసేజ్ వచ్చిందా అని చూడాలి. లేకపోతే కోస్తూ కోస్తూ వేరే బగ్‌లోకి తీసుకెళ్లి దింపుతుంది.

8. ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్

విసిగించేవి ఇవి. “మళ్లీ నడిపితే పోయింది” అని వదిలేయాలనిపిస్తుంది, చాలా ప్రాజెక్టుల్లో అదే జరుగుతుంది. కంపైలర్ విషయంలో ఇది మామూలు టెస్టు చికాకు కాదు. ఒకే ఇన్‌పుట్‌కి రెండు రకాల అవుట్‌పుట్ వస్తోందంటే అదే ఒక బగ్.

ఆ ఒక్క టెస్టునే వందసార్లు నడపండి. ఒంటరిగా వందసార్లూ పాసై, అన్నిటితో కలిపినప్పుడే ఫెయిలైతే ఇంకో టెస్టుతో గొడవ: రెండూ ఒకే పేరున్న తాత్కాలిక ఫైలు రాస్తున్నాయి, లేదా మెషీన్ బిజీగా ఉండి టైమౌట్ అవుతోంది. లిట్‌ని మైనస్ జే 1తో నడిపితే తెలిసిపోతుంది. తాత్కాలిక ఫైలుకి సొంత పేరు కాకుండా, లిట్ ఒక్కో టెస్టుకి ఒక్కోటి ఇచ్చే పర్సెంట్ టీ వాడితే ఆ గొడవ పోతుంది.

ఒంటరిగా కూడా అప్పుడప్పుడూ ఫెయిలైతే, పాయింటర్లు కీలుగా ఉన్న హాష్ టేబుల్ మీద ఎక్కడో లూప్ తిరుగుతోందని మొదట అనుమానించండి. ప్రతిసారీ మెమరీలో అడ్రసులు మారతాయి, దాంతో లూప్ వరస మారుతుంది, దాంతో అవుట్‌పుట్ మారుతుంది. లినక్స్‌లో సెట్‌ఆర్క్ కమాండ్‌కి పెద్ద ఆర్ ఆప్షన్ ఇచ్చి అడ్రసులు మారకుండా ఆపి చూడండి. అప్పుడు ఫలితం నిలకడగా ఉంటే అనుమానం బలపడ్డట్టే. ఎల్‌ఎల్‌వీఎంలో రివర్స్ ఇటరేషన్ అనే సీమేక్ ఆప్షన్ ఉంది, అది పాయింటర్ కీల వరసని కావాలనే తిరగేస్తుంది. అదృష్టం మీద బతుకుతున్న కోడ్ అక్కడ బయటపడుతుంది. ఫిక్స్ మామూలుగా డెన్స్‌మ్యాప్ అనే హాష్ టేబుల్ బదులు మ్యాప్‌వెక్టర్, చొప్పించిన వరసని అది గుర్తుంచుకుంటుంది.

అదీ కాకపోతే అడ్రస్ శానిటైజర్‌తో ఒక బిల్డ్. నెమ్మదిగా నడుస్తుంది, కానీ విడిచిపెట్టిన మెమరీని ఎవరు తాకారో లైను నంబరుతో సహా చెబుతుంది.

9. నలుగురికీ చెప్పడం

రిపోర్టులో మొదటి లైను కమాండ్, రెండోది వచ్చిన ఫలితం, మూడోది రావాల్సిన ఫలితం. తర్వాత కమిట్ హాష్, సీమేక్‌కి ఇచ్చిన ఆప్షన్లు, ఆపరేటింగ్ సిస్టం, ఏ కంపైలర్‌తో బిల్డ్ చేశారు. తగ్గించిన పది లైన్ల ఇన్‌పుట్ జతచేయండి. స్క్రీన్‌షాట్ వద్దు, దాన్ని ఎవరూ కాపీ చేసి నడపలేరు. బైసెక్ట్‌లో దొరికిన కమిట్ రాసినవాళ్లని ట్యాగ్ చేయొచ్చు, నింద లేకుండా. ఎల్‌ఎల్‌వీఎంలో బాట్లని ఎర్రబెట్టిన కమిట్‌ని వెనక్కి తీసేయడం చాలా మామూలు విషయం, దాన్ని అవమానంగా ఎవరూ తీసుకోరు. సరిచేసి మళ్లీ పెడతారు.

ఫిక్స్ ఆలస్యమయ్యేలా ఉంటే టెస్టుని చెరిపేయకండి, ఫెయిలయ్యే చెక్ లైనుని కామెంటులోకీ నెట్టకండి. ఏ టార్గెట్ మీద ఫెయిలవుతోందో దానికి మాత్రమే ఎక్స్‌ఫెయిల్ పెట్టి, పక్కన ఇష్యూ నంబరు రాయండి. అన్‌సపోర్టెడ్ పెడితే అది నడవనే నడవదు, బాగైనా ఎవరికీ తెలీదు. ఎక్స్‌ఫెయిల్ పెట్టింది మాత్రం రోజూ నడుస్తూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఎవరో ఆ బగ్ సరిచేసిన రోజున, గుర్తు తీయడం వాళ్లు మర్చిపోయినా, లిట్ ఎక్స్‌పాస్ అని మళ్లీ ఎర్రగా చూపించి వాళ్లని ఆ నంబరు దగ్గరికి తీసుకొస్తుంది.